స్కూటర్, స్కేట్స్, స్కేట్‌బోర్డ్, బీఎంఎక్స్: మన ఊరి పిల్లలకి ఏది కొనాలి?

పదకొండేళ్ల పిల్లాడు ఫోన్లో స్టంట్ స్కూటర్ వీడియో చూస్తాడు. ఎవరో కాలితో తన్నుకుంటూ వచ్చి, గాల్లోకి లేచి, బండిని కాళ్ల కింద ఒక చుట్టు తిప్పి మళ్లీ దాని మీదే దిగుతారు. "నాన్నా, నాకిది కావాలి" అంటాడు పిల్లాడు. నాన్న ధర చూస్తాడు. "ఏటిరా ఇది, పెట్రోలు లేదు, పెడలు లేదు, ఇన్నేసి వేలా? పోనీ దీనికి సర్టిఫికెట్టైనా ఇస్తారా?" విజయనగరంలోనూ శ్రీకాకుళంలోనూ ఈ మాట చాలా ఇళ్లల్లో విన్నాను. ఆ తండ్రి అడిగింది న్యాయమైన ప్రశ్నే. పిల్లాడి కోరికనీ తీసిపారేయడానికి లేదు. రెండిటికీ సరిపడే జవాబు కోసం ఇది రాస్తున్నాను.

చక్రాల ఆటల్లో మన దగ్గర ఇవాళే మొదలుపెట్టగలిగినవి నాలుగు: స్టంట్ స్కూటర్, రోలర్ స్కేట్స్, స్కేట్‌బోర్డ్, బీఎంఎక్స్ సైకిల్ (రేసులకీ విన్యాసాలకీ వాడే చిన్న గట్టి సైకిల్). నాలుగింటికీ కావాల్సింది ఒకటే: ఒంటి నిలకడ, మోకాళ్ల ఒడుపు, పడినా మళ్లీ లేచే మొండితనం. లోకం వాటికిచ్చే మర్యాద మాత్రం నాలుగు రకాలుగా ఉంది. డబ్బు పెట్టేముందు ఆ తేడా తెలిసుండాలి.

## కొనేముందు చూసుకోవాల్సినవి

మొదటిది గుర్తింపు. దీన్ని ఉందా లేదా అని ఒక్క మాటలో తేల్చేస్తే మోసపోతాం. నాలుగు మెట్లుగా విడదీయండి. ఒలింపిక్స్‌లో ఉందా అన్నది ఒక మెట్టు. మన దేశంలో ప్రభుత్వ గుర్తింపున్న సమాఖ్య దాన్ని నడుపుతోందా అన్నది రెండోది. స్కూల్ గేమ్స్‌లోనూ ఉద్యోగాల స్పోర్ట్స్ కోటా జాబితాలోనూ దాని పేరుందా అన్నది మూడోది. మన వీధివాళ్లు దాన్ని ఆటగా ఒప్పుకుంటారా, అల్లరి కింద జమకట్టి తరిమేస్తారా అన్నది నాలుగోది. ఒక ఆట పై మెట్టు మీదుండి కింద మెట్టు మీద లేకపోవచ్చు. స్కేట్‌బోర్డ్ పరిస్థితి అదే. రోలర్ స్పీడ్ స్కేటింగ్ దానికి తలకిందులు. ఒలింపిక్స్‌లో లేదు కానీ మూడో మెట్టు మీద గట్టిగా నిలబడింది.

ఈ మెట్ల సంగతి మన జిల్లాలవాళ్లకి అనుభవమే. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి 1994లో, 1995లో వరసగా ప్రపంచ ఛాంపియన్ అయింది. మహిళల వెయిట్‌లిఫ్టింగ్‌కి ప్రపంచ పోటీలు 1987 నుంచే ఉన్నా, ఒలింపిక్స్‌లో చోటు దొరికింది 2000 సిడ్నీలో. అక్కడ ఆమె 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చాకే ఆ పేరు ఇంటింటికీ చేరింది. ఆమె బలం అంతకు ముందూ ఉన్నదే, గుర్తింపు ఆలస్యంగా వచ్చింది. ఇటు నెల్లిమర్ల మండలం కొండవెలగాడ చూడండి. మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో పతకం గెలిచింది ఆ ఊరి నుంచే. అక్కడి పిల్లలు పొద్దున్నే లేచి బరువులెత్తడానికి పతకం కల ఒక్కటే కారణం కాదు. ఎత్తినవాళ్లకి రైల్వేలోనో సైన్యంలోనో ఉద్యోగాలొచ్చిన సంగతి వాళ్లకి కళ్లెదుటే కనిపిస్తోంది. కాబట్టి సర్టిఫికెట్ గురించి అడిగే తండ్రిని నేను తప్పు పట్టను.

రెండోది నేల. చక్రం చిన్నదైనకొద్దీ నేల నున్నగా ఉండాలి. మన రెండు జిల్లాల్లో స్కేట్‌పార్కు, అంటే ఈ ఆటల కోసమే ర్యాంపులతో కట్టిన చోటు, దొరుకుతుందని లెక్క వేసుకోకండి. ఉన్నవి ఏమిటంటే కొత్త సీసీ రోడ్లు, అపార్ట్‌మెంట్ సెల్లార్లు, బడి బాస్కెట్‌బాల్ కోర్టు, పెళ్లిళ్లు లేని రోజున కల్యాణమండపం ఆవరణ. విజయనగరం అయోధ్య మైదానం లాంటి మట్టి నేల సైకిల్‌కి తప్ప మిగతా మూడింటికీ పనికిరాదు.

మూడోది నేర్పేవాళ్లు, నాలుగోది ఖర్చు, అయిదోది దెబ్బలు. ఖర్చులో మొదటి బిల్లు ఒక్కటే కాదు, ఏడాది పొడుగునా అయ్యేదీ చూడాలి. వీటిని ఒక్కో ఆట దగ్గరా చెబుతాను.

## స్టంట్ స్కూటర్

బొమ్మల షాపులో దొరికే మడత స్కూటర్ వేరు, స్టంట్ స్కూటర్ వేరు. మడత స్కూటర్‌కి హ్యాండిల్ మొదట్లో ఒక మడత కీలు, ఎత్తు సర్దే మీట ఉంటాయి. బడికి వెళ్లిరావడానికి అది బాగానే ఉంటుంది. ఎగిరి దిగితే మాత్రం ఒళ్లు బరువంతా ఆ కీలు మీదే పడుతుంది, విరిగితే అక్కడే విరుగుతుంది. స్టంట్ స్కూటర్‌కి మడతలుండవు. నిలబడే డెక్ అల్యూమినియంది, హ్యాండిల్ ఎత్తు మార్చడానికి వీల్లేని గట్టి గొట్టం, రెండిటినీ పట్టి ఉంచేది బోల్టులున్న క్లాంపు. చక్రాలు ఎక్కువగా 100 లేదా 110 మిల్లీమీటర్లవి. లోపలి భాగం లోహం, పైన పాలీయురేథేన్.

కొత్తదైనా పాతదైనా డబ్బిచ్చే ముందు రెండు పరీక్షలు చేయండి. ముందు చక్రాన్ని మోకాళ్ల మధ్య గట్టిగా బిగించి పట్టుకుని హ్యాండిల్ తిప్పి చూడండి. చక్రం కదలకుండా హ్యాండిల్ ఒక్కటే జారితే క్లాంపు వదులుగా ఉన్నట్టు. తర్వాత ముందు చక్రం నేలకి ఆనించి బండిని ముందుకీ వెనక్కీ ఊపండి. చేతికి టకటకమని తగిలితే హెడ్‌సెట్, అంటే హ్యాండిల్ తిరిగే చోట ఉండే బేరింగులు, బిగించాలి. ఈ రెండూ అలెన్ కీతో అయిదు నిమిషాల పని. బిగించకుండా పిల్లాడి చేతికిస్తే మాత్రం మొదటి ఎగురుడులోనే ముందు చక్రం అడ్డం తిరుగుతుంది. హ్యాండిల్ ఎత్తు పిల్లాడి నడుం దగ్గరికి వస్తే చాలు. "ఎదిగే పిల్లాడు కదా" అని ఛాతీ ఎత్తుది కొంటే ఏ విన్యాసమూ రాదు.

స్కూటర్‌తో ఉన్న పెద్ద సుఖం, మొదటి ఆనందం తొందరగా అందడం. పట్టుకోవడానికి హ్యాండిల్ ఉంది కాబట్టి రెండు చక్రాలూ నేల వదిలేలా చిన్న గెంతు గెంతడం చాలామంది పిల్లలకి కొద్ది రోజుల్లోనే వస్తుంది. వెనక చక్రం మీద బ్యాలెన్స్ చేస్తూ సాగడం, సగం చుట్టు తిరగడం ఆ తర్వాత. వీడియోల్లో కనిపించే టెయిల్‌విప్, అంటే డెక్‌ని హ్యాండిల్ చుట్టూ తిప్పేది, దానికి ఓపిక కావాలి. అందులో తగిలే దెబ్బ చీలమండకే. తిరిగొచ్చే డెక్ అంచు సరిగ్గా ఆ ఎముక మీదే కొడుతుంది. హెల్మెట్, మోకాలి ప్యాడ్లతోపాటు చీలమండ దాకా వచ్చే బూట్లు, ముంగాలి గార్డు కూడా కొనాలి. చెప్పులతో నడపడం అస్సలు ఒప్పుకోకండి.

మరి గుర్తింపు? స్విట్జర్లాండ్‌లో వీమ్ ఔబోటర్ చేసిన చిన్న మడత స్కూటర్ 2000 ప్రాంతంలో రేజర్ పేరుతో లోకమంతా పాకింది. పిల్లలు దానితోనే ఎగరడం మొదలుపెట్టారు, వాళ్ల కోసం గట్టి బళ్లు తయారయ్యాయి. అంతవరకూ బాగుంది. విదేశాల్లో స్కేట్‌పార్కుల దగ్గర మాత్రం స్కేట్‌బోర్డ్ వాళ్లు, బీఎంఎక్స్ వాళ్లు దీన్ని చిన్నపిల్లల బొమ్మగా చూసి పక్కన పెట్టారు. 1995లో మొదలైన ఎక్స్ గేమ్స్ అనే సాహస క్రీడల పోటీల్లో స్కేట్‌బోర్డ్‌కీ సైకిల్‌కీ పతకాలున్నాయి, స్కూటర్‌కి ఆ పక్కన కుర్చీ వేయలేదు. స్కూటర్ మీద మహా విన్యాసాలతో పేరు తెచ్చుకున్న ఆస్ట్రేలియా ఆటగాడు ర్యాన్ విలియమ్స్ ఎక్స్ గేమ్స్ బంగారం గెలిచింది బీఎంఎక్స్ సైకిల్ మీద. స్కూటర్ మీద అతని నేర్పు తక్కువేమీ కాదు, ఆ బండికి అక్కడ పోటీయే లేదు. నాకు ఇది అన్యాయంగానే కనిపిస్తుంది. అదే సంగతిలో మన పిల్లలకి ఒక భరోసా కూడా ఉంది. స్కూటర్ మీద నేర్చుకున్న గాలి నిలకడ వృథా పోదు, మరో చక్రం మీదకి నడిచి వస్తుంది.

ఇప్పుడు పరిస్థితి కొంత మారింది. ఒలింపిక్ కమిటీ గుర్తించిన వరల్డ్ స్కేట్ అనే అంతర్జాతీయ సంస్థ స్కూటరింగ్‌ని తన ఆటల్లో కలుపుకుంది. రోలర్ స్కేటింగ్, స్కేట్‌బోర్డింగ్ నడిపేదీ అదే సంస్థ. మన దేశంలో దానికి అనుబంధం రోలర్ స్కేటింగ్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియా. అందుచేత జిల్లా స్కేటింగ్ సంఘం వాళ్లని అడగాల్సింది ఇంతే: "ఈ ఏడు సెలక్షన్స్‌లో స్కూటర్ విభాగం పెడుతున్నారా?" పెడుతున్నామంటే వెంటనే పేరివ్వండి. పెట్టడం లేదంటే నలుగురు పిల్లల పేర్లు రాసి కాగితం మీద అడగండి. ఎవరూ అడగని విభాగాన్ని ఏ సంఘమూ తనంతట తాను పెట్టదు.

## రోలర్ స్కేట్స్

సర్టిఫికెట్, ఉద్యోగం, స్కూల్ గేమ్స్ ముఖ్యమనుకునే ఇంటికి నాలుగింటిలో ఇదే ముందుంటుంది. ఇందులో నాకు సందేహం లేదు.

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల స్పోర్ట్స్ కోటా జాబితాలో రోలర్ స్కేటింగ్ పేరు ముందు నుంచీ ఉంది. 2020లో మరికొన్ని ఆటలు కలిపి ఆ జాబితాని 63కి పెంచినప్పుడు, పుణెలో పుట్టిన రోల్ బాల్ కూడా చేరింది. స్కేట్స్ వేసుకుని చేత్తో బంతి గోల్‌లో వేసే ఆట అది. స్కేట్స్ వచ్చిన పిల్లకి రెండు దారులున్నట్టే. రాష్ట్రం తరఫున నేషనల్స్‌లో గానీ, జాతీయ స్కూల్ గేమ్స్‌లో గానీ ఆడితే కోటాకి అర్హత వచ్చే వీలుంటుంది. మన రాష్ట్రంలోనూ 2024-29 క్రీడా విధానంతో ఉద్యోగాల్లో క్రీడాకారుల కోటాని 2 నుంచి 3 శాతానికి పెంచారు. మెగా డీఎస్సీలో ఆ కోటా కింద 421 పోస్టులు చూపించారు. నోటిఫికేషన్ వచ్చిన ప్రతిసారీ అందులో ఏయే ఆటలున్నాయో మీరే చదువుకోండి, వాళ్లూ వీళ్లూ చెప్పింది నమ్మి కూర్చోకండి.

ఆట స్థాయి కూడా ఎదిగింది. హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో, 2023 అక్టోబరులో, 3000 మీటర్ల రిలేలో మన అబ్బాయిలూ అమ్మాయిలూ చెరో కాంస్యం తెచ్చారు. ఆ జట్టులో ఉన్న చెన్నై కుర్రాడు ఆనంద్‌కుమార్ వేల్‌కుమార్ 2025లో 1000 మీటర్ల స్ప్రింట్‌లో ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. స్పీడ్ స్కేటింగ్‌లో మన దేశానికి అదే మొదటి ప్రపంచ టైటిల్. మన పత్రికల్లో ఆ వార్తకి దక్కిన చోటు చూసి నాకు బాధేసింది.

ఇబ్బందులూ చెప్పాలి. చిన్నపిల్లలు నాలుగు చక్రాల క్వాడ్ స్కేట్స్‌తో మొదలుపెట్టి, తర్వాత ఒకే వరసలో చక్రాలుండే ఇన్‌లైన్‌కి మారతారు. మొదటి జత చవకే. పోటీ స్థాయికి వచ్చేసరికి బూటు, ఫ్రేము, చక్రాలు, బేరింగులు విడివిడిగా కొనాలి. అవన్నీ కలిస్తే చాలా ఇళ్లల్లో ఒక నెల జీతం దాటిపోతుంది. పైగా పిల్లల పాదం ఏటా పెరుగుతుంది. సీనియర్ పిల్లల పాత బూట్లు చేతులు మారే పద్ధతి స్కేటింగ్ బ్యాచుల్లో ఉంటుంది. సిగ్గుపడకుండా అడగండి, అందరూ అలాగే నెట్టుకొస్తారు.

రింకు, అంటే స్కేటింగ్ నేల, సంగతి ఇంకో చిక్కు. బళ్లలోనూ స్టేడియంలోనూ ఉదయం బ్యాచులు పెట్టే మాస్టార్లు దొరుకుతారు. వంపు తిరిగిన ట్రాక్ మీద సాధన కావాలంటే మాత్రం పెద్ద ఊళ్లకి పోవాల్సిందే. విజయనగరం నుంచి విశాఖ అరవై కిలోమీటర్ల దూరం, ఆదివారం ఉదయం వెళ్లి రావచ్చు. శ్రీకాకుళం వాళ్లకి అది వంద పైమాటే, టెక్కలి, పలాస వాళ్ల సంగతి చెప్పక్కర్లేదు.

ఇది వేగం ఆట. వంగి, ఊపిరి బిగబట్టి, అదే గుండ్రం మళ్లీ మళ్లీ తిరగాలి. గాల్లో తిరగాలని కలలు కనే పిల్లాణ్ని తెచ్చి ఇందులో వేస్తే మూడో నెలకి బూట్లు అటక ఎక్కుతాయి.

## స్కేట్‌బోర్డ్

టోక్యో ఒలింపిక్స్‌లో మహిళల స్ట్రీట్ విభాగం బంగారం, వెండి గెలిచిన అమ్మాయిలిద్దరికీ పదమూడేళ్లే. జపాన్ మోమిజి నిషియా, బ్రెజిల్ రేసా లీల్. 2024 పారిస్‌లో పార్క్ విభాగం గెలిచిన ఆస్ట్రేలియా అమ్మాయి అరీసా ట్రూకి పద్నాలుగు. ఎనిమిదో తరగతి వయసులో ఒలింపిక్ స్వర్ణం దక్కే ఆటలు ఎన్నో లేవు. 2028 లాస్ ఏంజెలిస్‌లోనూ ఈ ఆట ఉంది. మన దేశంలో 2022 గుజరాత్ జాతీయ క్రీడల్లో స్కేట్‌బోర్డింగ్ పెట్టారు. మధ్యప్రదేశ్‌లో పన్నా దగ్గర జన్వార్ అనే పల్లెలో ఒక కాంక్రీటు స్కేట్‌పార్కు కట్టారు. ఆ పల్లె అమ్మాయి ఆశా గోండ్ 2018లో చైనాలోని నాన్జింగ్‌లో జరిగిన ప్రపంచ పోటీకి వెళ్లింది. పలాస కన్నా, పార్వతీపురం కన్నా చిన్న ఊరది.

అయితే కేంద్రం కోటా జాబితాలో స్కేట్‌బోర్డింగ్ అని విడిగా పేరు లేదు. రోలర్ స్కేటింగ్ గొడుగు కింద దాన్ని లెక్కిస్తారా అన్నది ఆయా నోటిఫికేషన్ రాసేవాళ్ల చేతిలో ఉంటుంది. ఒలింపిక్ ఆట కదా అని ఉద్యోగం లెక్క కట్టుకోకండి.

నేర్చుకోవడం అన్నిటికన్నా కష్టం ఇందులోనే. పట్టుకోవడానికి ఏమీ ఉండదు. కాళ్లతోనే పలకని గాల్లోకి లేపే ఓలీ అనే మొదటి విన్యాసానికే నెలలు పడుతుంది. ఆ నెలలన్నీ పిల్లాడు పడుతూనే ఉంటాడు. పడేటప్పుడు చెయ్యి ఆన్చడం సహజం కాబట్టి మణికట్టు విరిగే ప్రమాదం ఎక్కువ. మణికట్టు గార్డు లేకుండా బోర్డు ఎక్కనివ్వకండి.

మన రోడ్ల మీద దీని శత్రువు చిన్న గులకరాయి. స్కేట్‌పార్కు బోర్డుకి 52, 54 మిల్లీమీటర్ల గట్టి చక్రాలుంటాయి. వాటి కింద చింతగింజంత రాయి పడినా బోర్డు టక్కున ఆగుతుంది, పిల్లాడు ముందుకి పోతాడు. మన ఊళ్లకి మొదట్లో కొంచెం పెద్దవి, మెత్తనివి వేయించండి. విన్యాసాలు మొదలయ్యాక సెల్లార్‌లోకి మారి గట్టివి వేసుకోవచ్చు. ఎక్కేముందు చీపురుతో నేల ఊడ్చుకోవడం ఈ ఆటలో భాగమే అనుకోండి.

బొమ్మల షాపు బోర్డు వద్దు. ఏడు పొరల మేపుల్ చెక్క, లోహపు ట్రక్కులు (చక్రాలు బిగించే ఇరుసులు) ఉన్నదే కొనండి. మంచి బోర్డుకి చెక్క విరిగినా ట్రక్కులు, చక్రాలు కొత్త చెక్కకి బిగించుకోవచ్చు.

## బీఎంఎక్స్

దీని గురించి తక్కువ చెప్పినా చాలు, ఎందుకంటే సైకిల్ అంటే మన ఇళ్లల్లో భయం లేదు. ఇరవై అంగుళాల గాలి చక్రాలు గతుకుల మీదా మట్టి మీదా పోతాయి. పంక్చరైతే ఏ సందులోనైనా వేస్తారు. 2008 బీజింగ్ నుంచి బీఎంఎక్స్ రేసింగ్, టోక్యో నుంచి ఫ్రీస్టైల్ ఒలింపిక్స్‌లో ఉన్నాయి. దేశంలో దీన్ని చూసేది సైక్లింగ్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియా. కోటా జాబితాలో సైక్లింగ్ పేరుంది. స్కూల్ గేమ్స్‌లో ఉండే సైక్లింగ్ మాత్రం రోడ్డు, ట్రాక్ పోటీలది. బీఎంఎక్స్ మీద కాళ్లు గట్టిపడిన పిల్లాణ్ని పోటీల కోసం రోడ్డు సైకిల్‌కి మార్చడం ఒక మంచి దారి.

సైకిల్ షాపులో బీఎంఎక్స్ అని అమ్మేవాటిలో ఎక్కువ భాగం ఆ రూపు మాత్రమే ఉన్నవి. రిమ్ము ఒంటి గోడదైతే రెండు మెట్ల మీంచి దూకితే సొట్ట పడుతుంది. రెండు గోడల రిమ్ము, పెడళ్లు బిగించే క్రాంకు మూడు ముక్కలది ఉందా అని అడగండి. అసలైన బీఎంఎక్స్ నాలుగింటిలోకీ ఖరీదు, చిన్నపిల్లలకి బరువు కూడా.

## ఒకచోట చూసుకోవడానికి

| చూడాల్సింది | స్టంట్ స్కూటర్ | రోలర్ స్కేట్స్ | స్కేట్‌బోర్డ్ | బీఎంఎక్స్ |
|---|---|---|---|---|
| ఒలింపిక్స్ | లేదు | లేదు, 2018 యూత్ ఒలింపిక్స్‌లో స్పీడ్ ఉంది | టోక్యో నుంచి | రేసింగ్ 2008 నుంచి, ఫ్రీస్టైల్ టోక్యో నుంచి |
| ప్రపంచ సంస్థ | వరల్డ్ స్కేట్ | వరల్డ్ స్కేట్ | వరల్డ్ స్కేట్ | యూసీఐ (అంతర్జాతీయ సైక్లింగ్ సంస్థ) |
| కేంద్రం కోటా జాబితా | విడిగా పేరు లేదు | ఉంది | విడిగా పేరు లేదు | సైక్లింగ్ పేరుతో |
| మన రోడ్లకి | సీసీ రోడ్డు చాలు | నున్నటి నేల కావాలి | ఊడ్చిన నున్నటి నేల కావాలి | ఎక్కడైనా |
| మొదటి ఆనందం | రోజుల్లో | వారాల్లో | నెలల్లో | రోజుల్లో |
| ఎక్కువగా తగిలేది | చీలమండ, ముంగాలు | మోకాలు, మోచెయ్యి | మణికట్టు | ముంగాలు, భుజం |
| ఖర్చు పెరిగేది | చక్రాలు, క్లాంపు | బూట్లు, ప్రయాణాలు | చెక్క, బూట్లు | విడిభాగాలు |

## ఎవరికి ఏది

ఇంట్లో డబ్బుకి ఇబ్బందిగా ఉండి, ఆట నుంచి చదువుకో ఉద్యోగానికో ఊతం కావాలనుకుంటే రోలర్ స్కేట్స్. ఏడెనిమిదేళ్ల లోపు మొదలుపెడితే మంచిది. పోటీ స్థాయి బూట్లు కొనే నిర్ణయం మాత్రం పిల్ల జిల్లా స్థాయి దాటేదాకా వాయిదా వేయండి.

పిల్లాడికి వేగం కాదు, విన్యాసం కావాలి, వీధిలో సీసీ రోడ్డు తప్ప ఏమీ లేదు అంటే స్కూటర్. కాగితం మీద విలువ తక్కువున్నా నా మనసు మొగ్గేది ఇటే. పిల్లాడు ఆటలో నిలబడాలంటే మొదటి నెలలో వాడికి ఏదో ఒకటి రావాలి, అది స్కూటర్ ఇస్తుంది. రెండేళ్లు దాని మీద ఆడాక బీఎంఎక్స్‌కి పోతాడా, బోర్డుకి పోతాడా అన్నది వాడే చెబుతాడు.

పడి లేవడంలో సుఖం చూసే పిల్లలు కొందరుంటారు. ఒకే పని వందసార్లు విసుగు లేకుండా చేస్తారు. వాళ్లకి స్కేట్‌బోర్డ్. పన్నెండు దాటి, కాళ్లలో బలముండి, పల్లెలో పొలం గట్ల పక్కన ఉన్న పిల్లాడికి బీఎంఎక్స్. మట్టితో దిబ్బ పోసుకుంటే అదే వాడి ట్రాక్.

ఆడపిల్లల గురించి ఒక మాట. "దెబ్బ తగిలితే రేపు పెళ్లికి" అనే మాట మన దగ్గర ఇంకా వినబడుతోంది. బరువులెత్తే ఆడపిల్లల్ని చూసి కూడా ఒకప్పుడు ఇదే అన్నారు. ఈ నాలుగు ఆటల్లో ఆడపిల్లల పోటీ మన రాష్ట్రంలో ఇంకా పలచనే కాబట్టి, కష్టపడే అమ్మాయికి సెలక్షన్ దాకా దారి త్వరగా తెరుచుకుంటుంది.

## సర్టిఫికెట్ దగ్గర జాగ్రత్త

ఈ ఆటల చుట్టూ ఉత్తుత్తి సమాఖ్యలు చాలా తిరుగుతున్నాయి. పేరులో నేషనల్, ఇండియా, ఇంటర్నేషనల్ అని ఉంటుంది. రెండు వేలో మూడు వేలో ఎంట్రీ ఫీజు కట్టించుకుంటారు, వచ్చిన ప్రతి పిల్లకీ మెడల్ వేస్తారు, బంగారు రంగు ముద్రతో కాగితం ఇస్తారు. తెలిసిన ఒక కుటుంబం అలాంటి కాగితాలన్నీ ఫైలు చేసుకుని అడ్మిషన్ కోటాకి తీసుకెళ్తే, ఒక్కటీ పనికిరాలేదు. ఆ పిల్ల మొహం నేను మర్చిపోలేను. తను నిజంగానే గెలిచింది. గెలిచిన చోటే సరైనది కాదు.

కాబట్టి డబ్బు కట్టేముందు జిల్లా సంఘాన్ని అడగండి. మీరు ఏ రాష్ట్ర సంఘానికి అనుబంధం? ఆ రాష్ట్ర సంఘం ఏ జాతీయ సమాఖ్యకి? ఆ సమాఖ్య కేంద్ర క్రీడల శాఖ గుర్తింపు జాబితాలో ఈ ఏడాది ఉందా? జవాబు నోటి మాటగా కాదు, కాగితం మీద చూపించమనండి. జిల్లా క్రీడాధికారి ఆఫీసులోనూ ఒకసారి కనుక్కోండి. సరైన సంఘం వాళ్లు ఈ ప్రశ్నలకి కోప్పడరు.

గుర్తింపు ఇచ్చినవాళ్లు తీసేసుకోవడమూ ఉంది. ఎక్స్ గేమ్స్ మొదట్లో ఇన్‌లైన్ స్కేటింగ్‌కి పతకాలిచ్చింది, తర్వాత ఎత్తేసింది. బ్రేకింగ్ డాన్స్ 2024 పారిస్‌లో ఒలింపిక్ ఆట, 2028కి లేదు. పిల్లాడికి ఇష్టమే లేని ఆటలో ఒక్క జాబితా చూసి పదేళ్లు పెట్టడం ఎందుకు మంచిది కాదో ఇక్కడ అర్థమవుతుంది.

## నేల కోసం అడగడం

నాలుగో మెట్టు, అంటే మన వీధి ఒప్పుకోలు, మన చేతిలోనే ఉంది. శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ దగ్గరో విజయనగరం గంటస్తంభం దగ్గరో పిల్లలు స్కూటరేసుకుని తిరిగితే జనం తిట్టడం న్యాయమే, అది ప్రమాదం. వాళ్లకంటూ ఒక నేల ఉంటే ఆ తిట్లుండవు, అదే ఆటగా కనిపిస్తుంది.

దానికి విదేశీ పార్కుల్లాంటి పెద్ద గుంటలు, ర్యాంపులు కట్టక్కర్లేదు. ఒక బాస్కెట్‌బాల్ కోర్టంత, అంటే 28 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు కాంక్రీటు పలక చాలు. సీసీ రోడ్డుకి వేసినట్టు చీపురు గీతలు పెట్టకుండా పవర్ ట్రోవెల్ అనే యంత్రంతో నున్నగా చేయించాలి. నీళ్లు నిలవకుండా ఒక పక్కకి కొద్దిపాటి వాలు, కోత కోసిన జాయింట్లలో సీలెంటు. ఒక అంచున మోకాలి ఎత్తు అరుగు, దాని కొసకి ఇనుప యాంగిల్. స్కూటర్, స్కేట్స్, బోర్డు, సైకిల్ నాలుగూ దాని మీద ఆడుకోవచ్చు, వేళలు పంచుకుంటే గొడవలూ ఉండవు. మున్సిపల్ కమిషనర్‌కో కార్పొరేషన్‌కో అర్జీ పెట్టేటప్పుడు స్కేట్‌పార్కు కావాలని రాస్తే అదేదో కోట్ల పని అనుకుంటారు. ఈ కొలతలు, ఈ అరుగు బొమ్మ, ఏ కాలనీ ఖాళీ స్థలంలోనో ఆ సర్వే నంబరు, ఆడే పిల్లల పేర్లు, వయసులు రాసి, తల్లిదండ్రులందరూ సంతకాలు పెట్టి ఇవ్వండి. సోమవారం గ్రీవెన్స్‌లో ఇస్తే రసీదు నంబరు అడిగి తీసుకోండి.